అప్టన్ సింక్లేర్: తొంభై పుస్తకాల మనిషి

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ముందు ఒక గందరగోళం తీర్చేస్తాను. ఇవాళ నేను మాట్లాడేది అమెరికన్ నవలా రచయిత అప్టన్ సింక్లేర్ గురించి, సింక్లేర్ లూయిస్ గురించి కాదు. లూయిస్ 1930లో నోబెల్ అందుకున్న మొదటి అమెరికన్ రచయిత. ఈ ఇద్దరి పేర్లూ కలిపేయడం అమెరికాలోనే మామూలు, కాబట్టి మనం తడబడినా తప్పేం లేదు. తమాషా ఏమిటంటే వీళ్లిద్దరికీ నిజంగానే పరిచయం ఉంది. 1906లో అప్టన్ సింక్లేర్ న్యూజెర్సీలో హెలికాన్ హాల్ అనే పెద్ద భవనం కొని, కొన్ని కుటుంబాలతో కలిసి కాపురం పెట్టాడు. వంటా, పిల్లల పెంపకమూ అందరూ కలిసి చూసుకోవాలని ప్లాన్. అక్కడ బాయిలర్ దగ్గర పనికి కుదిరిన కుర్రాడే లూయిస్, యేల్ యూనివర్సిటీ చదువు మధ్యలో ఆపేసి వచ్చాడు. కొద్ది వారాలు చేసి వెళ్లిపోయాడు. 1907 మార్చిలో ఆ భవనం కాలి బూడిదైంది. అప్పటికే లూయిస్ వెళ్లిపోయాడు కాబట్టి ఆ నేరం ఆయన మీద పడలేదు. (నవ్వులు)

అప్టన్ సింక్లేర్ 1878 సెప్టెంబర్ 20న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో పుట్టాడు. 1968 నవంబర్‌లో, తొంభై నిండాక పోయాడు. రాసిన పుస్తకాలు తొంభైకి పైనే. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి లెక్కేసుకున్నా ఏడాదికొకటి పడుతుంది.

తండ్రి మద్యం కంపెనీల తరఫున ఊళ్లు తిరిగి ఆర్డర్లు పట్టే సేల్స్‌మన్. అమ్మే సరుకే ఆయన్ని మింగేసింది. తల్లి కలిగినింటి ఆడపడుచు. దాంతో ఈ పిల్లాడికి కొన్నాళ్లు నల్లులు పట్టిన అద్దె గది, కొన్నాళ్లు బాల్టిమోర్‌లో తల్లి తరఫు బంధువుల మేడ. ఒకచోట అద్దె కట్టలేక గొడవ, ఇంకోచోట వెండి చెంచాలు. కొందరికి ఇంత ఎందుకుంది, కొందరికి ఏమీ ఎందుకు లేదు అనే ప్రశ్న తనకు ఆ వయసులోనే పుట్టిందని ఆయనే రాసుకున్నాడు. తండ్రిని చూసి తాగుడంటే పుట్టిన అసహ్యం కూడా జన్మంతా పోలేదు.

ఇక రాయడం. న్యూయార్క్‌లో కాలేజీలో ఉండగానే పత్రికలకు జోకులు అమ్మి ఖర్చులు వెళ్లదీసుకున్నాడు. ఆ తర్వాత పిల్లల కోసం సైనిక స్కూలు సాహస కథలు. చవక పత్రికలు, మారుపేర్లు. స్టెనోగ్రాఫర్లను పెట్టుకుని డిక్టేట్ చేసేవాడు. రోజుకు ఎనిమిది వేల మాటలు, ఆదివారం కూడా సెలవు లేదు. అప్పటికి ఇరవై ఏళ్లు. ఈ అలవాటు మనిషిని ఏం చేస్తుందో ఆలోచించండి. కలం ఆగదు. ఆగి ఆలోచించాల్సిన చోట కూడా ఆగదు. ఈ మంచీ, ఈ చెడూ రెండూ ఆయనకు చివరిదాకా ఉన్నాయి.

నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత మీరు నాతో పోట్లాడవచ్చు. తన కళ్లతో చూసి రాసిన చోట సింక్లేర్ పెద్ద రచయిత. ఏం చెప్పాలో ముందే నిర్ణయించుకుని రాసిన చోట కరపత్రాలు రాసే మనిషి. చాలాసార్లు ఒకే పుస్తకంలో ఇద్దరూ ఉంటారు. ఏ అధ్యాయం దగ్గర ఒకరు లేచి వెళ్లారో, ఇంకొకరు వచ్చి కూర్చున్నారో వేలు పెట్టి చూపించవచ్చు.

‘ది జంగిల్’ తీసుకోండి. 1904లో చికాగో మాంసం ఫ్యాక్టరీల్లో సమ్మె జరిగి ఓడిపోయింది. కాన్సాస్ నుంచి వచ్చే ‘అప్పీల్ టు రీజన్’ అనే సోషలిస్టు వారపత్రిక సంపాదకుడు ఫ్రెడ్ వారెన్, సింక్లేర్‌కు 500 డాలర్లు ఇస్తాం, అక్కడి కార్మికుల మీద నవల రాయమన్నాడు. అప్పటికి సింక్లేర్ రాసిన సీరియస్ నవలల్లో ఏదీ అమ్ముడుపోలేదు. పెళ్లాం, చంటి పిల్లాడు, చేతిలో డబ్బు లేదు. వెంటనే చికాగో వెళ్లి ఏడు వారాలున్నాడు.

లోపలికి ఎలా వెళ్లాడు? వేసుకున్నవి ఎలాగూ పాత బట్టలే. చేతిలో ఒక అన్నం క్యారేజీ పట్టుకున్నాడు, అంతే. క్యారేజీ ఉన్నవాడిని గేటు దగ్గర ఎవరూ ఆపరు, కూలివాడనుకుంటారు. పగలంతా కబేళాల్లో తిరగడం, రాత్రి కార్మికుల ఇళ్లలో కూర్చుని వాళ్లు చెప్పేది వినడం. ఒక ఆదివారం ఒక సారా కొట్టు వెనక గదిలో లిథువేనియా వాళ్ల పెళ్లి విందు జరుగుతుంటే లోపలికి వెళ్లి, గోడకు ఆనుకుని, మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా చూస్తూ ఉండిపోయాడు. నవల మొదటి అధ్యాయం మొత్తం ఆ పెళ్లే. వచ్చిన అతిథులు కట్నం చదివించడం వాళ్ల ఆచారం. ఆ చదివింపులతోనే పెళ్లి ఖర్చు తీరాలి. చికాగో గాలి తగిలిన కుర్రాళ్లు కడుపునిండా తిని, తాగి, ఏమీ చదివించకుండా జారుకుంటుంటారు. పెళ్లికూతురు ఓనా భయంతో భర్త ముఖంలోకి చూస్తుంది. పెళ్లికొడుకు యూర్గిస్ ఒకే మాట అంటాడు: ఇంకా గట్టిగా పనిచేస్తాను. నవల సాంతం అతనికి తెలిసిన జవాబు అదొక్కటే. ఏ కష్టానికైనా అదే మందు అనుకుంటాడు, ఆ ఒంటి బలం ఎలా అరిగిపోయిందో చెప్పేదే మిగతా కథ.

మాంసం సంగతి అందరూ చెబుతారు కాబట్టి నేను ఇంటి సంగతి చెబుతాను. ఆ కుటుంబం ఒక ఇల్లు వాయిదాల మీద కొంటుంది. ధర 1,500 డాలర్లు, ముందు 300, తర్వాత నెలకు 12. కాగితాల మీద ఇంగ్లీషు, వీళ్లకు రాదు. అందుకని ఒక లాయరును పిలిపించుకుంటారు. ఆ లాయరు రాగానే ఇల్లు అమ్మే ఏజెంటు అతన్ని చనువుగా పేరు పెట్టి పలకరిస్తాడు. అంతే, వీళ్ల గుండె జారిపోతుంది. ఇద్దరూ ఒకటేనేమో! అయినా పైకి ఏమనగలరు? ముసలామె వణికే చేతులతో జాకెట్టులోంచి డబ్బు మూట తీసి ఇస్తుంది. కొన్నాళ్లకు పక్కింటి ముసలమ్మ అసలు గుట్టు విప్పుతుంది. ఇల్లు కొత్తది కాదు, రంగు కొత్తది. ఇదే ఇంటిని ముందు జర్మన్లు, తర్వాత ఐరిష్ వాళ్లు, బొహీమియన్లు, పోలండ్ వాళ్లు కొని, వాయిదాలు కట్టలేక పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఆమె మామూలుగా అడుగుతుంది, నెలకు పన్నెండు సరే, వడ్డీ లెక్క వేసుకున్నారా అని. ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఇల్లు కొన్న ప్రతివాడికీ ఈ అధ్యాయం చదువుతుంటే చెమటలు పడతాయి.

ఈ నవలను సింక్లేర్ 1904 క్రిస్మస్ రోజున మొదలుపెట్టాడు. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ దగ్గర తను కట్టుకున్న చిన్న చెక్క గదిలో, ఎనిమిది అడుగులకు పది అడుగులు. ఆ చలికాలం వాళ్లింట్లో కూడా సరిగ్గా తిండి లేదు, పిల్లాడికి జబ్బు. నవలలో చలి అంతలా కొరికిందంటే ఆ చలి చికాగోది మాత్రమే కాదు.

1905 ఫిబ్రవరి నుంచి పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పుస్తకంగా వేయడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. ఆ రక్తం, ఆ పేగుల భాగాలు తీసేస్తే వేస్తామని ఒక ప్రచురణకర్త అన్నాడు. ఈయన తియ్యనన్నాడు. చివరికి డబుల్‌డే సంస్థ తన లాయరును చికాగో పంపించి, ఇందులో రాసింది నిజమేనా అని విచారించుకుని 1906లో వేసింది. నవలకు లాయరు వెరిఫికేషన్ అన్నమాట!

పుస్తకం దుమారం లేపింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్‌కు సింక్లేర్ అంటే చిరాకు, సోషలిజం అంటే ఇంకా చిరాకు. అయినా చార్లెస్ నీల్, జేమ్స్ రేనాల్డ్స్ అనే ఇద్దరిని విచారణకు పంపాడు. వాళ్లు వస్తున్నారని ఫ్యాక్టరీల వాళ్లకు ముందే తెలిసి, గోడలకు సున్నాలు వేయించారు. అయినా రిపోర్టు ఘోరంగా వచ్చింది. 1906 జూన్ 30న మాంసం తనిఖీ చట్టం, కల్తీ ఆహారం, మందుల మీద చట్టం రెండూ ఒకే రోజు సంతకమయ్యాయి. నవలలో ఒక్కటి మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. మనుషులు కొవ్వు తొట్లలో పడిపోయి, పందికొవ్వు డబ్బాల్లో బజారుకు వెళ్లారన్నది. జనానికి బాగా గుర్తుండిపోయింది కూడా అదే.

‘జనం గుండెను గురిచూసి కొట్టాను, పొరపాటున వాళ్ల పొట్టకు తగిలింది’ అని సింక్లేర్ అన్న మాట మీరందరూ వినే ఉంటారు. చాలామంది దాన్ని చమత్కారం అనుకుంటారు, నిజానికి అది ఏడుపు. కార్మికుడి వేళ్లు తెగుతున్నాయని రాస్తే, ఆ వేళ్లు నా సాసేజ్‌లో పడ్డాయా అని అడిగారు మధ్యతరగతి పాఠకులు. పని గంటలు తగ్గలేదు, జీతం పెరగలేదు. తనిఖీ ఖర్చు కూడా ప్రభుత్వమే పెట్టుకుంది. ఫ్యాక్టరీ యజమానులకు ఉచితంగా సర్కారు ముద్ర దొరికింది.

ఇంతా చేసి ఆ నవల చివరి నాలుగు అధ్యాయాలూ తేలిపోతాయి. భార్య ప్రసవంలో పోయింది, కొడుకు వీధిలో నిలిచిన నీళ్లలో మునిగి పోయాడు, యూర్గిస్ జైలుకు వెళ్లాడు, దొంగతనాలు చేశాడు. అలాంటి మనిషి ఒక సోషలిస్టు సభలో ఉపన్యాసం విని కొత్త మనిషైపోతాడు. అక్కడి నుంచి యూర్గిస్ నోట మాట ఉండదు, ఎవరెవరో మాట్లాడుతుంటే మూల కూర్చుని వింటుంటాడు. ఏడు వారాలు చూసినదంతా అయిపోయింది, ఇక ముందే నమ్మినది మొదలైంది. ఉపన్యాసం ఇస్తూ ఉపన్యాసాలను తిట్టడం బాగోదు గానీ, అవి చదవకపోయినా మీరు నష్టపోయేదేమీ లేదు.

తర్వాతి ఇరవై ఏళ్లూ త్వరగా దాటేస్తాను. పెళ్లి చెడింది, రెండో పెళ్లి మేరీ క్రెయిగ్ కింబ్రోతో 1913లో. ఉపవాసం మీద ఒక పుస్తకం. కొలరాడో బొగ్గు గనుల మీద ‘కింగ్ కోల్’. 1914లో లడ్లోలో గని కార్మికుల గుడారాల మీద కాల్పులు జరిగి, ఆడవాళ్లు, పిల్లలు చనిపోతే, న్యూయార్క్‌లో ఆ గనుల్లో పెద్ద వాటా ఉన్న రాక్‌ఫెల్లర్ ఆఫీసు ముందు చేతికి నల్లగుడ్డ కట్టుకుని పికెటింగ్ చేసి అరెస్టయ్యాడు. పత్రికల మీద ఒకటి, చర్చిల మీద ఒకటి, యూనివర్సిటీల మీద ఒకటి, స్కూళ్ల మీద ఒకటి, వరుసగా పుస్తకాలు. చాలావరకు తనే అచ్చు వేసుకుని, పోస్టులో తనే అమ్ముకున్నాడు. నిద్ర ఎప్పుడు పోయాడో తెలియదు.

ఇక ‘ఆయిల్!’. 1927. నన్నడిగితే ఆయన రాసినవాటిలో ఇదే బెస్ట్. కాలిఫోర్నియాలో లాంగ్‌బీచ్ పక్కన సిగ్నల్ హిల్ అనే చిన్న గుట్ట మీద 1921లో చమురు పడింది. అక్కడ మేరీ క్రెయిగ్‌కు రెండు ఇళ్ల స్థలాలున్నాయి. చుట్టుపక్కల ప్లాట్ల ఓనర్లందరూ కలిసి ఒకే కంపెనీకి లీజుకు ఇవ్వాలని మీటింగులు పెట్టుకున్నారు. ఆవిడతో పాటు ఈయన కూడా వెళ్లి కూర్చున్నాడు. అక్కడి మనుషుల్ని చూస్తుంటే నవల దానంతట అదే కళ్లముందుకొచ్చింది.

రెండో అధ్యాయం ఆ మీటింగే. గ్రోర్టీ అనే కాపలాదారు ఇంట్లో అందరూ చేరతారు. ఆయన భార్య ఇంకా ఒక్క పైసా చేతికి రాకముందే పసుపు శాటిన్ గౌను కొనుక్కుంది. ధనవంతుల ఇళ్లలో ఎలా మెలగాలో చెప్పే పుస్తకం ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టుకుంది. ఇక గొడవ. పెద్ద ప్లాట్ల వాళ్లు విస్తీర్ణం లెక్కన పంచాలంటారు, చిన్న ప్లాట్ల వాళ్లు తలా ఒక వాటా అంటారు, కార్నర్ బిట్టు వాళ్లు రోడ్డులో సగం కూడా మాదే అంటారు. ఇరవై ఏళ్లుగా ఒకరికొకరు మజ్జిగ ఇచ్చిపుచ్చుకున్న ఇరుగుపొరుగు లాంటి మనుషులు అరగంటలో దొంగా అంటే దొంగా అనుకునే దాకా వచ్చేస్తారు. కంపెనీ పెద్ద ఆర్నాల్డ్ రాస్ అంతా ఓపిగ్గా విని, మీ లీజు ఊరికే ఇచ్చినా నాకొద్దని టోపీ పెట్టుకుని వెళ్లిపోతాడు. మన దగ్గర ఉమ్మడి స్థలం బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చే మీటింగుకు ఒక్కసారైనా వెళ్లినవాళ్లు ఈ అధ్యాయం చదివి నవ్వకుండా ఉండలేరు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. సింక్లేర్ ఎవరినీ తిట్టడు కూడా. అందుకే అది అంత బాగా వచ్చింది.

ఇదే పుస్తకాన్ని బోస్టన్‌లో నిషేధించారు. యువతీ యువకుల మధ్య శృంగారం ఉందని. సింక్లేర్ అభ్యంతరం ఉన్న తొమ్మిది పేజీలూ నల్లగా కప్పేసి ప్రత్యేక ప్రతి అచ్చు వేయించాడు. అంజూరపు ఆకు ఆకారంలో అట్ట బోర్డు మెడలో వేసుకుని, వీధిలో నిలబడి అమ్మాడు. బైబిల్లో ఆదాము, అవ్వలు ఒళ్లు కప్పుకున్న ఆకు అది. నిషేధం కంటే మంచి పబ్లిసిటీ లేదని ఆయనకు బాగా తెలుసు. ఎనభై ఏళ్ల తర్వాత, 2007లో, ‘దేర్ విల్ బి బ్లడ్’ సినిమాకు మూలం ఈ నవలే. సినిమాలో మొదటి భాగం మాత్రమే తీసుకున్నారు, అది కూడా బాగా మార్చేసి.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయానికి వస్తాను. 1927 ఆగస్టు 23న మసాచుసెట్స్‌లో సాకో, వాంజెటీ అనే ఇద్దరు ఇటలీ వలస కార్మికుల్ని దోపిడీ, హత్య కేసులో కరెంటు కుర్చీలో కూర్చోబెట్టి చంపారు. వాళ్లు ప్రభుత్వమే అక్కర్లేదనే అరాచకవాదులు. అందుకే చంపారని ప్రపంచమంతా ఊరేగింపులు జరిగాయి. సింక్లేర్ ఆ కేసు మీద నవల రాస్తానని, నిజమే రాస్తానని ప్రకటించి బోస్టన్ వెళ్లాడు. తిరిగి వస్తూ డెన్వర్‌లో వాళ్ల పాత లాయరు ఫ్రెడ్ మూర్‌ను కలిశాడు. మూర్ చెప్పింది విని కుదేలైపోయాడు. వాళ్లిద్దరూ దోషులేనని, నేరం జరిగినప్పుడు వాళ్లు వేరేచోట ఉన్నారనే అలిబీ సాక్ష్యాలు తనే అల్లానని మూర్ అన్నాడు. ఈ సంగతి సింక్లేర్ 1929లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ ఉత్తరం 2005లో వార్తలకెక్కింది. తన జీవితంలో అంత కష్టమైన నైతిక సమస్య ఇంకోటి ఎదురు కాలేదని అందులో ఉంది.

మూర్ మాట కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. అతనికి డ్రగ్స్ అలవాటుందని సింక్లేర్ విన్నాడు, నిందితుల తరఫున పనిచేసిన డిఫెన్స్ కమిటీతో గొడవపడి బయటికి వచ్చిన మనిషి. మరి సింక్లేర్ ఏం చేశాడు? ‘బోస్టన్’ నవల 1928లో వచ్చింది. అరవై ఏళ్ల గొప్పింటి విధవరాలు కోర్నీలియా ఇల్లు వదిలి, తాళ్ల ఫ్యాక్టరీలో కూలికి చేరి, వాంజెటీ ఉన్న ఇంట్లోనే అద్దెకు దిగుతుంది. ఆమె చివరిదాకా వాళ్ల పక్షమే. కానీ విచారణ అన్యాయంగా జరిగిందన్నంత గట్టిగా నవల వాళ్లు నిర్దోషులని చెప్పదు, అనుమానానికి చోటుంచింది. తన పాఠకుల్లో సగంమందికి అది ద్రోహంలా కనిపించింది. మూర్ చెప్పింది నేరుగా బయటపెట్టాల్సిందని ఇవాళ కొందరంటారు. నేను ఆయన పక్షాన ఉంటాను. చూసిందాన్ని నమ్మినదాని కోసం చెరిపేయలేదు, విన్నదాన్ని చూసిందిగా చెప్పలేదు. ఆయనకు ఇది ఎంత కష్టమో ‘ది జంగిల్’ ముగింపు చదివితే తెలుస్తుంది.

1934 వచ్చింది. దేశమంతా ఆర్థిక మాంద్యం. సింక్లేర్ డెమొక్రాటిక్ పార్టీలో చేరి కాలిఫోర్నియా గవర్నరుగా పోటీ చేశాడు. రాష్ట్రంలో పేదరికం అంతం చేస్తానన్నది నినాదం. మూతపడ్డ ఫ్యాక్టరీలు, బీడు పడ్డ పొలాలు నిరుద్యోగులకిచ్చి, వాళ్లకు కావలసినవి వాళ్లనే పండించుకోమనాలి. అరవై దాటిన పేదలకు నెలకు 50 డాలర్ల పింఛను. పోటీకి ముందే చిన్న పుస్తకం వేశాడు, తను గవర్నరై పేదరికాన్ని ఎలా పోగొట్టాడో అయిపోయిన చరిత్రలా చెబుతూ! ఈ ఆత్మవిశ్వాసాన్ని చూసి నవ్వాలో, మెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలో ఘనంగా గెలిచాడు కూడా.

అప్పుడు హాలీవుడ్ రంగంలోకి దిగింది. స్టూడియోలు ఉద్యోగుల దగ్గర ఒక రోజు జీతం వసూలు చేసి ప్రత్యర్థి ఫ్రాంక్ మెరియమ్‌కు ఇచ్చాయి. సింక్లేర్ గెలుస్తాడని తెలిసి దేశంలోని దేశదిమ్మరులంతా కాలిఫోర్నియా రైళ్లెక్కుతున్నారని వార్తాచిత్రాల పేరుతో కల్పిత దృశ్యాలు తీసి థియేటర్లలో వేశారు. పత్రికలు ఇంకా తెలివైన పని చేశాయి. ఆయన నవలల్లో పాత్రలు అన్న మాటలు ఏరి, పెళ్లి మీద ఒకటి, మతం మీద ఒకటి, ‘సింక్లేర్ ఉవాచ’ అన్నట్టు మొదటి పేజీలో రోజుకొక డబ్బా కట్టి వేశాయి. అన్ని పుస్తకాలు రాసిన మనిషి దగ్గర అలాంటి వాక్యాలకు కొదవేముంది! ఎనిమిది లక్షల డెబ్భై తొమ్మిది వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి, అయినా ఓడిపోయాడు. మెరియమ్‌కు పదకొండు లక్షలు దాటాయి. ఓడిన వెంటనే ఎలా ఓడానో చెబుతూ ఇంకో పుస్తకం. ‘ఒక విషయం అర్థం కాకుండా ఉంటేనే జీతం వస్తుందంటే, ఆ విషయం ఆ మనిషికి అర్థం చేయించడం కష్టం’ అనే ప్రసిద్ధ వాక్యం అందులోదే. ఓటమి మీద రాసిన ఆ పుస్తకం, గెలుపు ఊహించుకుని రాసిన దానికంటే ఎంతో బాగుంటుంది. కారణం నేను మళ్లీ చెప్పనక్కర్లేదు.

అరవై దాటాక మనిషి విశ్రాంతి తీసుకుంటాడనుకుంటాం. ఈయన పదకొండు నవలల సిరీస్ మొదలుపెట్టాడు. 1940 నుంచి 1953 దాకా. హీరో లానీ బడ్, ఆయుధాల వ్యాపారి కొడుకు, ఫ్రాన్సు సముద్రతీరంలో పెరుగుతాడు, పెద్దయ్యాక ఖరీదైన చిత్రాలు అమ్ముతూ అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు గూఢచారిగా హిట్లర్ ముందుకు కూడా వెళతాడు. ఈ రూజ్వెల్ట్ రెండో ఆయన, ఫ్రాంక్లిన్. మొత్తం ఏడు వేల పేజీలకు పైనే. మూడోది ‘డ్రాగన్స్ టీత్’, నాజీలు అధికారంలోకి రావడం గురించి. దానికి 1943లో పులిట్జర్ ఇచ్చారు. నేను బతికిన కాలంలో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే పేపర్లు కాదు, మీ నవలలు చూడమంటాను అని బెర్నార్డ్ షా ఆయనకు ఉత్తరం రాశాడు. షా అంతటివాడు అన్నాడు కాబట్టి గౌరవిద్దాం. నాకైతే లానీ ప్రతి చోటా సరిగ్గా సమయానికి ప్రత్యక్షమవడం కొంచెం విసుగు. సింక్లేర్ ఆ గదుల్లోకి వెళ్లలేదు. వెళ్లినవాళ్లకు ఉత్తరాలు రాసి, అడిగి తెలుసుకుని రాశాడు. చకచకా చదివిస్తుంది, చదివాక మనుషులు గుర్తుండరు. ‘డ్రాగన్స్ టీత్’లో డకావ్ నిర్బంధ శిబిరం భాగాలు మాత్రం వేరు. అవి రాసిన సమయానికి అమెరికాలో చాలామంది ఆ సంగతులు పట్టించుకునే స్థితిలో లేరు.

1967 డిసెంబర్‌లో లిండన్ జాన్సన్ కొత్త మాంసం తనిఖీ చట్టం మీద సంతకం పెడుతూ సింక్లేర్‌ను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. ఎనభై తొమ్మిదేళ్ల మనిషి చక్రాల కుర్చీలో వచ్చాడు. అరవై ఒక్క ఏళ్ల తర్వాత కూడా ఆయన్ని పిలిచింది పొట్ట సంగతికే.

ఇందాక ఒక మిత్రుడు, తొంభైలో ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ‘ఆయిల్!’ మొదటి రెండు అధ్యాయాలు చదవండి. మొదటిది కారు ప్రయాణం, రెండోది ఆ మీటింగు. నచ్చితే ఆపలేరు, నచ్చకపోతే సింక్లేర్ మీకు పడడు, వదిలేయండి. తర్వాత ‘ది జంగిల్’, ఇది ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ‘బోస్టన్’ రెండు సంపుటాలు, కోర్టు కేసులంటే ఆసక్తి ఉన్నవాళ్లకు. లానీ బడ్ జోలికి రిటైరయ్యాక వెళ్లండి. ఉపవాసం పుస్తకం మాత్రం డాక్టరును అడక్కుండా పాటించకండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.